ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు: రంగు డబ్బా తెరవక ముందే చేయాల్సినవి

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు అందం చూస్తూనే మనసులో ఖర్చు లెక్క వేసుకుంటారు. కుళాయి కారుతుంటే వాళ్లకు తట్టేది వాషర్ ఖరీదు కాదు, గోడలోపలి పైపులు ఏ స్థితిలో ఉన్నాయోనన్న అనుమానం. ఆ అనుమానానికి ధరలో కోత పడుతుంది, అదీ అసలు మరమ్మతుకు అయ్యేదాని కన్నా చాలా ఎక్కువే. కాబట్టి ముందు అనుమానం పుట్టించేవన్నీ సరిచేయాలి, ముస్తాబు ఆ తర్వాత. కనీసం నెల రోజులు చేతిలో ఉంచుకోండి, గోడలు ఆరడానికే బోలెడు సమయం పోతుంది.

మొదట నీళ్ల సంగతి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నీళ్ల మీటరు అంకె రాసుకుని, రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకుండా చూడండి. అంకె మారితే ఎక్కడో లీకు ఉన్నట్టే. టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో ఆహారంలో వాడే రంగు నాలుగు చుక్కలు వేసి అరగంట వదిలేయండి. ఫ్లష్ చేయకుండానే ఆ రంగు కమోడ్‌లో కనిపిస్తే లోపలి రబ్బరు మూత అరిగిందని అర్థం. మార్చడం చిన్న పనే.

గోడమీద చెమ్మ మరక ఉంటే దానిమీద రంగు వేయకండి. అందరూ చేసే పొరపాటు ఇదే. ముందు ఒక అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగువైపులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచండి. గోడవైపు తడి పడితే నీరు గోడలోంచే వస్తోంది: పైకప్పు, పైపు, బయటి గోడ పగుళ్లు, నేలలోని తేమ, వీటిలో ఏదో ఒకటి కారణం. గదివైపు తడి పడితే గాలి ఆడక గదిలోని ఆవిరే చల్లటి గోడమీద నీరవుతోంది. రెంటికీ వైద్యం వేరు. కారణం తీర్చకుండా పుట్టీ పెడితే గోడలోని లవణాలు నీటితోపాటు పైకి వచ్చి తెల్లటి పొడిలా పొంగుతాయి, రంగు పెచ్చులుగా ఊడుతుంది. అది సరిగ్గా బేరం కుదిరే సమయానికే జరుగుతుంది!

గోడ ఆరాక ఊడిన పొరలు గీకి, పుట్టీ పెట్టి, 180 లేదా 220 నంబరు గరుకు కాగితంతో నునుపు చేసి, రంగు పట్టడానికి ముందుగా వేసే ప్రైమర్ ఒక కోటు, రంగు రెండు కోట్లు వేయండి. కోటుకూ కోటుకూ మధ్య డబ్బామీద రాసినంత సమయం ఆగాలి. పైకప్పుమీద పాత నీటి మరక ఉంటే మామూలు ప్రైమర్ సరిపోదు, మరక మళ్లీ పైకి తేలుతుంది. మరకలను ఆపే ప్రైమరని అడిగి తీసుకోండి. మచ్చ ఉన్నచోట మాత్రమే రంగు పూయకండి. పాత రంగు వెలిసి ఉంటుంది కనుక కొత్త అతుకు కొట్టొచ్చినట్టు కనిపించి, కింద ఏం దాచారా అనిపిస్తుంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా వేయాల్సిందే. రంగు లేతగా ఉంటే చాలు, మీ ఇష్టాలు ఇక్కడ పక్కన పెట్టండి.

స్నానాల గదిలో పలకల మధ్య సందులు నింపే గ్రౌట్ నల్లబడితే బ్లీచ్ ద్రావణంతో రుద్దండి, కిటికీ తెరిచి, చేతికి తొడుగులు వేసుకుని. యాసిడ్‌తో దాన్ని ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. పాలరాయిమీద యాసిడ్ అసలే వద్దు, మెరుపు పోయి మచ్చ ఉండిపోతుంది. సింకు చుట్టూ సందు మూసే సిలికాన్ నల్లబడితే దానిమీదే కొత్తది పూస్తే అంటుకోదు. పాతది బ్లేడుతో పూర్తిగా తీసి, తుడిచి, ఆరనిచ్చి పూయండి, ఒక రోజంతా నీళ్లు తగలనీయకండి.

కిర్రుమనే తలుపులు, పట్టని గడియలు, వదులైన స్విచ్ బోర్డులు ఒక్క రోజులో అయిపోతాయి. వంటగది మొత్తం మార్చే పని మాత్రం పెట్టుకోవద్దు. పెట్టిన డబ్బు తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు, కొన్నవాళ్లు ఎలాగూ తమకు నచ్చినట్టు మార్చుకుంటారు.

ఇక సామాన్లు. అల్మారాలు తెరిచి చూస్తారు, కాబట్టి వాటిలో మూడోవంతు ఖాళీగా ఉండాలి. కిక్కిరిసిన అల్మారా ఈ ఇంట్లో చోటు చాలదని చెప్పకనే చెబుతుంది. తీసిన సామాను బాల్కనీలో కుక్కితే ప్రయోజనం లేదు, ఇంటి బయటికే పంపాలి. నడిచే దారి మూడడుగుల వెడల్పు ఉండేలా ఫర్నిచర్ జరపండి. అలాగని అంతా ఖాళీ చేయనక్కర్లేదు. మంచం ఉంటేనే పడకగది ఎంతుందో కంటికి అందుతుంది. ఒకే గదిలో పసుపు బల్బు ఒకటి, తెల్ల బల్బు ఒకటి ఉండకుండా చూసుకోండి, గోడ రంగు ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది.

వాసన ఇంట్లో ఉండేవాళ్లకు తెలియదు, బయటివాళ్లను పిలిచి అడగండి. రూమ్ స్ప్రే గుప్పిస్తే ఏదో దాస్తున్నారనుకుంటారు. కొంతకాలంగా తాళం వేసిన ఇంట్లో మురుగు కంపు వస్తే చాలాసార్లు కారణం ఒక్కటే: నేలమీది జాలీ కింద వంపులో నిలిచి మురుగు గాలిని ఆపే నీరు ఎండిపోయి ఉంటుంది. ఒక చెంబు నీళ్లు పోస్తే ఆగుతుంది. పైన రెండు చుక్కల నూనె వేస్తే మళ్లీ త్వరగా ఎండదు.

ఫోటోలు పగలు, కర్టెన్లు తెరిచి, ఫోన్ అడ్డంగా ఛాతీ ఎత్తులో పట్టుకుని గది మూల నుంచి తీయండి. గదిని సాగదీసి చూపే వైడ్ లెన్స్ జోలికి పోకండి, వచ్చి చూసి నిరాశపడినవాళ్లు బేరానికి కూర్చోరు. పిల్లల ఫోటోలు, కాగితాలు, తాళంచెవులు ఫ్రేములో పడకూడదు.

చూపించే రోజు అరగంట ముందే కిటికీలు తెరవండి, నగలు, మందులు బీరువాలో పెట్టి తాళం వేయండి. తెలిసిన లోపాన్ని మీరే చెప్పండి. దాచిన లీకు తొలి వానకే బయటపడుతుంది, చాలా దేశాల చట్టాల్లో అమ్మినవారిదే బాధ్యత అవుతుంది కూడా. మరమ్మతు చేయించిన బిల్లులు, పని జరుగుతున్నప్పుడు తీసిన ఫోటోలు ఇంటి పత్రాల నకళ్లతోపాటు ఒకే ఫైలులో ఉంచి, అడగగానే చేతికివ్వండి.