చికిత్స గదిలో సంగీతం: ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు

శస్త్రచికిత్సకో, ఎండోస్కోపీకో, పంటి వైద్యానికో వెళ్లేవారికి ఆందోళన సహజం. దానిని తగ్గించడంలో సంగీతం తోడ్పడుతుందనడానికి ఆధారాలున్నాయి. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ, రోగులపై జరిగిన 73 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసి, సంగీతం విన్న రోగులలో శస్త్రచికిత్స తరువాతి నొప్పి, ఆందోళన, నొప్పి మందుల వాడకం తగ్గాయని తేల్చింది. అంతమాత్రాన సంగీతం మత్తుమందుకు బదులు కాదు. పాట వింటున్నారు కదా అని నొప్పిని ఓర్చుకుంటూ ఊరుకోకుండా వెంటనే చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త వైద్యుని మాట చెవిన పడేలా చూసుకోవడం. కంటిశుక్లం శస్త్రచికిత్స సాధారణంగా రోగి మెలకువగా ఉండగానే జరుగుతుంది. అందులో తల కదలకూడదు. కొన్ని స్కానింగులలో ఊపిరి బిగబట్టమన్న క్షణంలోనే బిగబట్టాలి. అందువల్ల బయటి శబ్దాన్ని పూర్తిగా అణచివేసే హెడ్‌ఫోన్లు ఇటువంటి చోట్ల తగవు. ఒక చెవిని ఖాళీగా వదిలి, ధ్వనిని తక్కువగా ఉంచి, పాట ఆపాలంటే ఏమని అడగాలో సిబ్బందితో ముందే మాట్లాడుకోవాలి. గదిలో స్పీకరు పెట్టించుకోవడం కన్నా ఇదే నయం, ఎందుకంటే పెద్దగా మోగే పాట వైద్య బృందం ఒకరి మాట ఒకరు వినడానికి అడ్డొస్తుంది.

ఎం.ఆర్.ఐ. విషయం వేరు. ఆ యంత్రంలోని అయస్కాంతం స్కానింగు జరగనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది గనుక సొంత ఫోను, ఇయర్‌ఫోన్లు, వినికిడి యంత్రం గది బయటే ఉంచాలి. గాలి గొట్టాల ద్వారా ధ్వనిని చేరవేసే ప్రత్యేక హెడ్‌ఫోన్లు ఆ కేంద్రంలో ఉంటే వాటినే అడగాలి. యంత్రపు మోత 100 డెసిబెల్స్ దాటవచ్చు. దానిని మించి వినిపించాలని పాట ధ్వనిని పెంచమనడం చెవులకు మరింత హాని. అక్కడ చెవులకు రక్షణ ముందు, సంగీతం తరువాత.

పాటల ఎంపిక రోగిదే కావాలి. నిమిషానికి 60 నుంచి 80 లయ దెబ్బల (బీట్స్) మధ్య నెమ్మదిగా సాగే సంగీతాన్ని ఎక్కువగా సూచిస్తారు గానీ, ఎంత నెమ్మదైన రాగమైనా ఒక మరణాన్నో, విడిపోవడాన్నో గుర్తుచేసేదైతే గుండె దడ పెంచుతుంది. బంధువులు తమకు నచ్చినవి పెట్టడం ప్రేమతోనే కావచ్చు, అయినా మంచిది కాదు. పాటలను ముందురోజే ఫోనులో నిల్వ చేసుకోవాలి. ఇంటర్నెట్‌లో నేరుగా వింటే నడుమ హఠాత్తుగా అరిచే ప్రకటన అప్పటిదాకా కుదిరిన ప్రశాంతతను చెడగొడుతుంది.

సంగీతం వల్ల మూర్ఛ వచ్చే స్థితి చాలా అరుదైనా ఉన్నదే. అటువంటి చరిత్ర ఉన్నవారు, చెవిలో చీము లేదా నిరంతర హోరు ఉన్నవారు వైద్యునికి ముందే తెలపాలి. ఇయర్‌ఫోన్లు ఒకరివి మరొకరు వాడరాదు. మత్తు దిగుతున్నప్పుడు వాటిని తీసివేసి, నర్సు చెప్పే సూచనలను పక్కనున్నవారితో కలిసి వినాలి.