బడికి పంపని పిల్లలతో ఊరు మారాలంటే: పగటిపూట చూసి తేల్చుకోవాల్సినవి

ఇల్లు చూడ్డానికి అందరూ ఆదివారం సాయంత్రం వెళ్తారు. పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకు పోయే కుటుంబానికి అది చాలు. వాళ్ళకు ఇల్లంటే చీకటి పడ్డాక పనికొచ్చేది. హోమ్‌స్కూలింగ్ చేసేవాళ్ళకు అలా కాదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ నాలుగు గోడల మధ్యే పాఠం, వంట, ఆట, అలక అన్నీ నడవాలి. కాబట్టి కొత్త ఇంటి గురించి ఏది తేల్చుకోవాలన్నా మంగళవారం పదకొండు గంటలకు అక్కడ ఎలా ఉంటుందన్నదే ప్రశ్న. హైదరాబాద్ వదిలి రాజమండ్రికో, తిరుపతికో, వరంగల్‌కో పోదామా అని ఊగిసలాడే కుటుంబాన్ని మనసులో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాం.

అద్దె కంటే ముందు పిల్లల వయసు

ఇంటి సంగతికి ముందు ఒక కాగితం సంగతి ఉంది. దీన్ని చాలామంది ఇంటర్ అయ్యాక గానీ గుర్తించరు. మన రెండు రాష్ట్రాల్లో వృత్తివిద్యా కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. బడిలో చదివిన పిల్లలు స్టడీ సర్టిఫికెట్లు చూపించి స్థానికులమని నిరూపించుకుంటారు. మన పిల్లలకు అవి ఉండవు. ఇంజనీరింగ్ వంటి కోర్సుల ప్రవేశపరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో అడిగే కాగితాల్లో, బడికి వెళ్ళకుండా ప్రైవేటుగా చదివినవాళ్ళకు నివాస ధ్రువపత్రం ఉంటుంది. ఇంటర్ పరీక్షకు ముందటి 7 ఏళ్ళు అక్కడే ఉన్నామని తహసీల్దార్ ఇచ్చేది అది.

ఇంటర్ పదిహేడేళ్ళకు రాస్తారనుకుంటే, ఏడు తీసేస్తే పది. పదేళ్ళ లోపు పిల్లలున్న ఇల్లు ఎక్కడికి మారినా చిక్కు లేదు. పదికీ పదమూడుకీ మధ్య ఉంటే, రాష్ట్రం దాటేముందు ఆ ఏటి ప్రవేశాల నోటిఫికేషన్‌లో స్థానికత నిబంధనను పంక్తి పంక్తీ చదవండి. పదమూడు దాటాక, పెద్ద కారణం ఏదీ లేకపోతే ఇంటర్ అయ్యేదాకా రాష్ట్రం మారకపోవడమే మేలు. మెడికల్ సీటు మీద ఆశ ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా నాలుగేళ్ళు తెలంగాణలోనే చదివి ఉండాలన్న ఆ రాష్ట్ర నిబంధనను 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ లోపల కూడా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం అని విభజన ఉంది. తిరుపతి నుంచి విజయవాడకు మారినా ఆ గీత దాటినట్టే.

ఊరు మారినా మారకపోయినా ఈ రోజు నుంచే ఒక ఫైలు పెట్టండి. ప్రతి ఇంటి అద్దె ఒప్పందం, ఏడాదికి రెండు కరెంటు బిల్లులు, గ్యాస్ రసీదు, పిల్లల టీకా కార్డు అందులో ఉండాలి. ఆధార్‌లో చిరునామా ఎప్పుడెప్పుడు మారిందో చూపే హిస్టరీని ఆధార్ సైట్ నుంచి దించుకుని అదీ పెట్టండి. సాధారణంగా పదకొండు నెలల ఒప్పందం నోటరీతో సరిపెట్టేస్తారు. చిరునామా రుజువుగా రిజిస్టరు చేసిన ఒప్పందానికే విలువ ఎక్కువ. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే ఆ ఖర్చు మీరే భరించి అయినా చేయించుకోండి.

పరీక్ష దగ్గరుంటే కదలొద్దు

ఎన్‌ఐఓఎస్ అంటే దేశమంతటికీ ఉన్న జాతీయ ఓపెన్ స్కూలు. అందులో పది పరీక్షకు 14 ఏళ్ళు నిండాలి. నమోదు 5 ఏళ్ళు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిది అవకాశాలు ఉంటాయి. పబ్లిక్ పరీక్షలు ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరుల్లో ఒకసారి. తెలంగాణ, ఆంధ్ర ఓపెన్ స్కూళ్ళు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే కాబట్టి, సరిహద్దు దాటే ఆలోచన ఉంటే ఎన్‌ఐఓఎస్‌లో ఉండటమే తేలిక. అయినా అక్కడ కూడా స్టడీ సెంటర్ మీరు ఎంచుకున్న ఊళ్ళోనే ఉంటుంది. సైన్స్ ప్రాక్టికల్స్ రాత పరీక్షకు ముందే జరుగుతాయి, అంటే రెండుసార్లు ప్రయాణం. ఫీజు కట్టిన పరీక్షకు ముందు రెండు నెలలు, తర్వాత ఒక నెల ఇల్లు కదపకండి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు. ఎన్‌ఐఓఎస్‌లో పన్నెండు పాసైనవాళ్ళకు స్టడీ సెంటర్ ఏ రాష్ట్రంలో ఉందో అదే సొంత రాష్ట్రం, కాపురం ఎక్కడున్నా సరే. వరంగల్ ఎన్‌ఐటీ కావాలా, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ కావాలా అన్నది పన్నెండుకు నమోదు చేసే రోజే సగం తేలిపోతుందన్నమాట. జాతీయ స్థాయిలో ర్యాంకు ప్రకారం వెళ్ళే ఐఐటీలకు ఈ గొడవ లేదు.

చిన్నపిల్లల విషయంలో ఇంత బెంగ అక్కర్లేదు. కొత్త ఊళ్ళో ఇంటి చదువు కుదరలేదనుకోండి. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని దగ్గరి ప్రభుత్వ బడి వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. ఏడాది మధ్యలో వచ్చారని గానీ, టీసీ లేదని గానీ కాదనకూడదు.

ఇల్లు చూసే పద్ధతి

ఒక ఇంటికి రెండుసార్లు వెళ్ళండి. రెండూ పనిరోజులే, ఒకటి పొద్దున పదకొండుకు, ఇంకొకటి మధ్యాహ్నం మూడుకు. పదకొండుకు చప్పుడు తెలుస్తుంది, మూడుకు వేడి తెలుస్తుంది.

చప్పుడంటే రోడ్డు మీద హారన్లు ఒక్కటే కాదు. పక్కన ఖాళీ స్థలం ఉంటే గాలి వెలుతురు బాగుందని మురిసిపోతాం. అక్కడ పునాది తీశారంటే ఏడాదిన్నర పాటు డ్రిల్లింగ్ మోతలోనే పాఠాలు. ఆ స్థలం ఎవరిదో, కట్టే ఉద్దేశం ఉందో లేదో వీధి చివర ఇస్త్రీబండి అతన్ని అడిగితే బ్రోకరు కంటే నిజం చెబుతాడు. ఫంక్షన్ హాలు వెనక గోడ, గుడి మైకు, కార్పెంటర్ షెడ్డు కూడా చూసుకోండి. ప్రైవేటు బడి పక్కన ఇల్లయితే గంటకోసారి వాళ్ళ గంటే మన గంట అవుతుంది.

వేడి సంగతికి వస్తే, పడమటి గోడకు చేతిని ఆనించి చూడండి. పై అంతస్తు అయితే స్లాబు వేడి సాయంత్రం దాకా దిగుతూనే ఉంటుంది. అద్దె రెండు వేలు తక్కువని తీసుకుంటే మే నెల కరెంటు బిల్లులో అది పోతుంది. చదువుకునే గది తూర్పుకో ఉత్తరానికో ఉండేలా చూసుకోండి. వాస్తు చూసేవాళ్ళు ఈశాన్యం అంటారు, ఎండ లెక్కలో కూడా ఆ మాట తప్పు కాదు. పగలు లైటు వేయకుండా కిటికీ దగ్గర కూర్చుని పుస్తకం చదివి చూడండి. అక్షరాలు స్పష్టంగా కనబడకపోతే ఆ గదిలో రోజూ ఎనిమిది గంటలు లైటు వెలగాల్సిందే.

కరెంటు మీటరు మీది సర్వీస్ నంబరు రాసుకోండి. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సైట్‌లో ఆ నంబరు కొడితే బిల్లు బయటపడుతుంది. కింది పోర్షన్‌కీ పై పోర్షన్‌కీ విడి మీటర్లు ఉన్నాయా, లేక సబ్‌మీటరు పెట్టి ఇంటివాళ్ళే యూనిట్‌కి ఇంత అని వసూలు చేస్తారా అన్నది ముందే అడగాలి. ఒకే మీటరైతే రెండు ఇళ్ళ యూనిట్లు కలిసి రేటు ఎక్కువుండే పై స్లాబులోకి ఎక్కుతాయి. పగలంతా ఇంట్లో ఉండేది మనమే కాబట్టి మాట కూడా మనమే పడతాం.

చిన్న ఊళ్ళలో లైను పని పేరుతో పొద్దున కరెంటు తీసేయడం మామూలే. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి, తరుగు పోను చేతికొచ్చేది సుమారు 1300. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. మూడు ఫ్యాన్లు, 9 వాట్ల బల్బులు నాలుగు, రౌటరు, ఒక ల్యాప్‌టాప్ కలిపితే 330 వాట్ల దాకా అవుతుంది, అంటే నాలుగు గంటలు. అవే ఫ్యాన్లు తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకానివి అయితే లోడు 200 దగ్గర ఆగి ఆరు గంటలు దాటుతుంది. ఇంకో బ్యాటరీ కొనడం కంటే ఫ్యాన్లు మార్చడమే లాభం. ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకెళ్ళొచ్చు కూడా.

ఇంటర్నెట్‌కి కంపెనీ కాల్‌సెంటర్‌ని అడగొద్దు. వాళ్ళు ఎప్పుడూ వస్తుందనే అంటారు. ఎదురు ఫ్లాట్‌లో ఏ కేబుల్ ఉందో, పోయినసారి ఆగినప్పుడు బాగుచేయడానికి ఎన్ని రోజులు పట్టిందో అడగండి. పిల్లలు కూర్చోబోయే గదిలో నిలబడి ఫోన్లోంచి పది నిమిషాలు వీడియో కాల్ చేయండి. ఫైబర్ తెగిన రోజు ఆ సిగ్నలే దిక్కు.

నీళ్ళు పగలంతా వాడతాం. ప్రామాణిక లెక్క తలకు 135 లీటర్లు, నలుగురికి 540. ఇంట్లోనే ఉండేవాళ్ళకు అంతకన్నా ఎక్కువే అవుతుంది. మోటారు ఏ వేళల్లో వేస్తారు, వాచ్‌మన్ ఊరెళ్తే ఎవరు వేస్తారు అని అడగండి. బోరు నీళ్ళకు, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. 500 లోపు ఉంటే మంచివి. 2000 దాటితే అవి తాగడానికి పనికిరావు, గీజరు కూడా త్వరగా పాడవుతుంది.

ఇంటివాళ్ళకు ఏం చెప్పాలి

అడ్వాన్సు ఇచ్చేముందే చెప్పేయాలి. పిల్లలు పగలంతా మెట్ల మీద కనిపిస్తే పై అంతస్తు అత్తయ్యగారు మూడో రోజే "ఏ స్కూలమ్మా?" అని అడుగుతారు. "ఇంటి దగ్గరే చదివిస్తున్నామండీ, ఓపెన్ స్కూల్లో పరీక్ష రాస్తారు" అంటే చాలు. విద్యా విధానం మీద ఉపన్యాసం వద్దు. పక్కింటి పిల్లలు కూడా వస్తారా, అంటే ఇది ట్యూషనా అని వాళ్ళ అసలు అనుమానం. ట్యూషన్ కాదని స్పష్టం చేయండి. సెల్లార్‌లో పగలు సైకిల్ తొక్కనిస్తారా, మేడ మీదికి తాళం వేస్తారా అన్నవి నోటి మాటతో వదలకుండా వాట్సాప్‌లో రాయించుకోండి.

ఊరి సంగతి

హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, బిర్లా ప్లానెటోరియం ఉంది, అవన్నీ పోతాయని దిగులు పడతారు. ఫోన్లో ఫొటోలు తిరగేసి పోయిన ఏడాది వాటికి ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కపెట్టండి. రెండుసార్లే అయితే అది రైలెక్కి వచ్చి చూసుకునే పని. వారానికోసారి వాడేవి వేరే ఉంటాయి: నడిచివెళ్ళే దూరంలో గ్రంథాలయం, ఈత కొలను, సంగీతం మాస్టారు, ఈడు పిల్లలు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటిది దగ్గరుంటే అది ఒక పెద్ద ఆస్తి. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. ఈడు పిల్లల సంగతే అన్నిటికంటే కష్టం. చిన్న ఊళ్ళో మిగతా పిల్లలంతా నాలుగున్నర దాకా బళ్ళో ఉంటారు, ఆ తర్వాత ట్యూషన్. మీ పిల్లలకు దొరికే ఆట వేళ ఎంతో ఆ వీధిలో ఐదు గంటలకు నిలబడి చూడండి.

వీలైతే వారం రోజులు ఒక గది అద్దెకు తీసుకుని, పాఠాలతో సహా అక్కడ బతికి చూడండి. కోస్తా ఊరైతే మే నెలలోనే చూడాలి. జనవరిలో చూస్తే ప్రతి ఊరూ బాగుంటుంది.

ఎప్పుడు, ఎలా

జూన్ 12న బళ్ళు తెరుస్తారని ఏప్రిల్, మే నెలల్లో అందరూ ఇళ్ళ మీద పడతారు. మనకు ఆ తొందర లేదు. ఆషాఢంలో కొత్తిల్లు చేరేవాళ్ళు తక్కువ కాబట్టి టు-లెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి, బేరం ఆడటానికి అదే అదను. పెద్దవాళ్ళకు పట్టింపు ఉంటే జ్యేష్ఠంలోనే పాలు పొంగించేసి సామాను తర్వాత చేర్చుకోవచ్చు. దానికి ఒక నెల అద్దె అదనం, అది బేరంలో తగ్గిందో లేదో చూసుకోండి. పాత ఇంటి లెక్కలో నోటీసు గడువు, పెయింటింగ్ కింద పట్టుకునే నెల అద్దె మరిచిపోవద్దు. వేరే ఊరికి గ్యాస్ మార్చాలంటే సిలిండరు, రెగ్యులేటరు ఇక్కడ అప్పజెప్పి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోవాలి. ఆ మధ్య రోజులకు ఇండక్షన్ స్టవ్ ఉంచుకోండి.

హోమ్‌స్కూల్ ఇంట్లో అన్నిటికంటే బరువు పుస్తకాలే. పెద్ద అట్టపెట్టెలో నిండా పుస్తకాలు పెడితే ఎత్తేటప్పుడు అడుగు ఊడిపోతుంది. మందుల షాపు నుంచి చిన్న పెట్టెలు తెచ్చుకుని, పెట్టెకు 15 కిలోలు మించకుండా సగం పుస్తకాలు, పైన దుప్పట్లు సర్దండి. ఇరవై పెట్టెలైతే 300 కిలోలు. టాటా ఏస్ మోసేది సుమారు 750 కిలోలు కాబట్టి, పుస్తకాలకే దాదాపు సగం బండి పోతుంది. అందుకే బండి మాట్లాడేటప్పుడు ఎన్ని గదులని కాకుండా పుస్తకాల పెట్టెలు ఎన్నని చెప్పండి.

ఒక పెట్టె మాత్రం లారీ ఎక్కకూడదు. సగం రాసిన నోటుపుస్తకాలు, లెక్కల పుస్తకం, పెన్సిళ్ళ డబ్బా, చదువుతూ ఆపిన కథల పుస్తకం, ఒక ఆట బోర్డు, రౌటరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, కాగితాల ఫైలు అందులో పెట్టి మీతోనే ఉంచుకోండి. సర్దుడు రోజుల్లో సిలబస్ అంతా నడపాలని చూస్తే అందరికీ చిరాకే. అసలేం చేయకపోతే మళ్ళీ గాడిలో పడటానికి నెల పడుతుంది. రోజూ అరగంట లెక్కలు, రాత్రి పడుకోబోయే ముందు బిగ్గరగా చదవడం, ఈ రెండూ ఆపకుండా ఉంటే చాలు. పెట్టెల మీద లేబుళ్ళు రాయడం, ఇన్వెంటరీ లిస్టు కూడటం, గది కొలిచి బీరువా పడుతుందో లేదో చెప్పడం పిల్లలకు అప్పగించండి.

కొత్త ఇంట్లో పుస్తకాలు వెంటనే గోడ అల్మారాల్లోకి ఎక్కించొద్దు. ముందు పాత చెక్క అల్మారాల మూలల్లో మట్టి గీతలు ఉన్నాయేమో చూడండి, అవి చెదల దారులు. గోడకు చెమ్మ ఉందేమో తెలియాలంటే అరచేతి వెడల్పు ప్లాస్టిక్ కాగితం నాలుగువైపులా టేపుతో అంటించి, ఒక రోజు ఉంచి తీయండి. లోపలివైపు తడి కనిపిస్తే ఆ గోడకు షెల్ఫ్ ఆనించకండి, రెండంగుళాలు జరిపి పెట్టండి. కోస్తాలో కింది పోర్షన్ అయితే వానాకాలం వెళ్ళేదాకా అల్మారాలో అన్నిటికంటే కింది అర ఖాళీగా వదిలేయడమే మంచిది.