ఈవీ ఛార్జింగ్ భద్రత – 4వ పాఠం: సర్టిఫికెట్ డబ్బాకి ఉంది, మరి గోడకి?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం. 7.4 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకి బిగించే కారు ఛార్జర్) సింగిల్ ఫేజ్‌లో ఎంత కరెంటు లాగుతుంది అని అడిగాను. 7,400ని 230తో భాగిస్తే సుమారు 32 ఆంపియర్లు. ఇంత లోడు ఇంట్లో కొత్త కాదు, రెండు మూడు గీజర్లు ఒకేసారి వేస్తే దాదాపు అంతే అవుతుంది. కానీ గీజరు పావుగంటలో ఆగిపోతుంది, కారు మాత్రం రాత్రంతా లాగుతుంది. సరిగ్గా బిగించని స్క్రూ గీజరు దగ్గరైతే వేడెక్కి మళ్ళీ చల్లారుతుంది. కారు దగ్గర దానికి చల్లారే టైమే దొరకదు. అందుకే ఈ పనిలో చేత్తో "గట్టిగానే ఉంది" అనుకుంటే సరిపోదు. ప్రతి టెర్మినల్‌నీ తయారీదారు చెప్పిన బిగువుకి బిగించాలి, వాడకం మొదలైన నెలకి మళ్ళీ ఒకసారి చూసుకోవాలి.

ఇక ఈ పాఠానికి వద్దాం.

2022 ఏప్రిల్‌లో విజయవాడలోను, నిజామాబాద్‌లోను ఇళ్లలో ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది వరుస ప్రమాదాల తర్వాతే రెండు చక్రాలు, మూడు చక్రాల బళ్ల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేశారు. కొత్త నిబంధనలు 2022 డిసెంబర్ 1న ఒక దశగా, 2023 మార్చి 31న రెండో దశగా అమల్లోకి వచ్చాయి. ఇవన్నీ మూడో పాఠంలో చదివాం. ఛార్జర్ల విషయానికొస్తే ఐఎస్ 17017 వరుస ప్రమాణాలున్నాయి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల ల్యాబుల్లో శాంపిల్ ఛార్జర్‌ని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు.

ఆ ల్యాబులో సప్లై నిలకడగా ఉంటుంది, ఎర్త్ (లీకైన కరెంటుని భూమిలోకి పంపే వైరు) పక్కాగా ఉంటుంది. అదే మోడల్ డబ్బాని మీరు ముప్పై ఏళ్ల నాటి ఇంటి గోడకి బిగిస్తారు. ఆ ఇంటి ఎర్త్‌ని ఏ ల్యాబూ చూడలేదు. చూడాల్సింది మీరే. సర్టిఫికెట్ ఉన్న ఛార్జర్‌తో కూడా కారు బాడీకి షాక్ రావడానికి అసలు దారి ఇక్కడే ఉంది కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం ఎర్త్ గురించే.

ఒక్క షరతు. కింద చెప్పే లైవ్ పరీక్షలు, అంటే కరెంటు ఉండగా చేసేవి, లైసెన్సున్న వైర్‌మన్ పక్కన ఉన్నప్పుడే చేయండి. కరెంటు ఆపి చేసేవి ముందు, లైవ్ పరీక్షలు ఆ తర్వాత. ఈ వరుస ఎప్పుడూ తప్పొద్దు.

కరెంటు ఆపి చేసేవి

మెయిన్ ఆపండి. ఛార్జర్‌ని టెర్మినళ్ల దగ్గర విప్పి వైర్లు వేరు చేయండి. ఛార్జర్ లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, వైర్లు విప్పకుండా మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో వైర్ల ఇన్సులేషన్‌ని పరీక్షించే మీటర్) పెడితే అవి పాడవుతాయి. 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్, ఫేజ్–న్యూట్రల్ మధ్య చూడండి. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. కొత్త కేబుల్‌కి ఇది వందల్లో ఉంటుంది. 2, 3 అని చూపిస్తే పాస్ అనుకుని వదిలేయకండి, పైపులో ఎక్కడో చెమ్మ ఉన్నట్టే.

ఇందులో న్యూట్రల్–ఎర్త్ రీడింగ్ దగ్గర కాసేపు ఆగాలి.

పాత ఇళ్లలో ప్లగ్ బోర్డుకి మూడో కన్ను ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు. అక్కడ ఛార్జర్ పెడితే "ఎర్త్ లేదు" అని ఎర్ర లైటు వెలుగుతుంది. కస్టమర్ కొత్త కారు పక్కన నిలబడి ఎదురుచూస్తుంటాడు. ఎర్త్ గుంట తవ్వాలంటే ఒక రోజు పడుతుంది. అప్పుడు కొందరు చేసే పని ఏంటంటే, రెండంగుళాల వైరు ముక్క తీసుకుని న్యూట్రల్ నుంచి ఎర్త్ టెర్మినల్‌కి లింకు వేసేస్తారు. ఎర్ర లైటు ఆరిపోతుంది, ఛార్జింగ్ మొదలవుతుంది.

లైటు ఎందుకు ఆరింది? చాలా ఛార్జర్లు ఫేజ్ నుంచి ఎర్త్‌కి అతి చిన్న కరెంటు పంపి దారి ఉందో లేదో చూసుకుంటాయి. న్యూట్రల్ మీదుగా దారి దొరికింది కాబట్టి ఎర్త్ ఉందనుకుంటాయి.

మా కాలనీలో ఒక ఇంట్లో ఇలాంటి లింకునే నేను విప్పాను. నల్ల వైరు మీద ఆకుపచ్చ టేపు చుట్టి పెట్టారు, చూస్తే ఎర్త్ వైరే అనిపిస్తుంది. ఆ ఇంట్లో రెండేళ్ల పాప రోజూ కారు చుట్టూ ఆడుకునేది. ఇప్పటికీ ఆ టేపు ముక్క నా టూల్ బ్యాగులోనే ఉంది.

ఆ లింకుతో ప్రమాదం ఎలా వస్తుందో చూడండి. గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు తెగిందనుకోండి. ఫేజ్ అలాగే ఉంది. ఇంట్లో ఆన్‌లో ఉన్న ఫ్యాను, ఫ్రిజ్ మీదుగా ఆ ఫేజ్ న్యూట్రల్ వైరులోకి వస్తుంది. అక్కడి నుంచి లింకు దాటి ఎర్త్ వైరులోకి, దాన్నుంచి కారు బాడీకి చేరుతుంది. ఆర్‌సీసీబీ (లీకేజీ కనబడగానే కరెంటు తెంచే స్విచ్) పడిపోయినా లాభం లేదు. అది ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ తెంచుతుందే గానీ ఎర్త్ వైరుని తెంచదు. కారు డోరు పట్టుకున్న మనిషికి దాదాపు 230 వోల్టులు తగులుతాయి.

లింకు ఆర్‌సీసీబీ దాటాక వేసి, ఎర్త్ వైరు ఎక్కడో భూమికి కలిసి ఉంటే ఇంకో కథ నడుస్తుంది. లోడు పడగానే కరెంటులో కొంత ఎర్త్ వైరు మీదుగా వెనక్కి వెళ్తుంది కాబట్టి ఆర్‌సీసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. "ఇది పాడైంది" అని దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తారు. ఒక తప్పుని దాచడానికి ఇంకో తప్పు. ఎవరింట్లోనైనా ఆర్‌సీసీబీ బైపాస్ చేసి కనిపిస్తే ముందు న్యూట్రల్–ఎర్త్ లింకు కోసం వెతకండి.

కనిపెట్టడం కష్టం కాదు. మెయిన్ స్విచ్ రెండు పోల్స్‌నీ, అంటే ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ, తెంచేదై ఉండాలి. అది ఆపాక లోడు వైపు న్యూట్రల్–ఎర్త్ మధ్య మల్టీమీటర్ పెట్టండి. మెగా ఓమ్‌లు చూపిస్తే సరే. సున్నాకి దగ్గరగా చూపిస్తే ఇంట్లో ఎక్కడో లింకు ఉంది. ఫేజ్‌ని మాత్రమే తెంచే పాత మెయిన్ అయితే ఈ కొలత నమ్మొద్దు. న్యూట్రల్ ఇంకా ట్రాన్స్‌ఫార్మర్‌కి కలిసే ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ భూమికి కలిసి ఉంటుంది. అలాంటి చోట ముందు మెయిన్ మార్పించండి.

గుంట బాగుంటే చాలదా?

చాలదు. లెక్క వేద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎర్త్ 1 ఓమ్, ఇంటి ఎర్త్ 5 ఓమ్‌లు అనుకోండి. ఇంటికి 5 అంటే మంచి గుంటే. ఛార్జర్‌లో ఫేజ్ వైరు బాడీకి తగిలింది. మొత్తం 6 ఓమ్‌లు, 230ని 6తో భాగిస్తే 38 ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఛార్జర్‌కి మనం పెట్టేది 40 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తెంచే స్విచ్). దానికి 38 అంటే మామూలు లోడే, కదలదు. ఈలోగా బాడీ మీద 38 ఇంటూ 5, అంటే 190 వోల్టులు నిలబడి ఉంటాయి. గుంట ఎండిపోయి 20 ఓమ్‌లకి చేరితే కరెంటు 11 ఆంపియర్లకి తగ్గి, బాడీ వోల్టేజీ 219కి చేరుతుంది.

అందుకే మన దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. గుంట 20 ఓమ్‌లైనా సరే, 30 మిల్లీ ఆంపియర్లు దాటగానే అది తెంచేస్తుంది. లీకేజీ మెల్లగా పెరిగేదైతే ఆ క్షణానికి బాడీ మీద ఒక వోల్టు కూడా ఉండదు. ఫేజ్ నేరుగా తగిలినా సెకనులో చిన్న భాగంలోనే తెంచేస్తుంది.

అలాగని గుంటని వదిలేయమని కాదు. కొలిచేటప్పుడు మే నెలలో కొలవండి. వానాకాలంలో ప్రతి గుంటా మంచి గుంటే.

ఆర్‌సీసీబీ పరీక్ష

ఇక్కడి నుంచి లైవ్ పరీక్షలు. ఆర్‌సీసీబీ మీద ఉండే టి (T) బటన్ నొక్కితే ట్రిప్ అవుతుంది. దాన్ని చూసి సంతృప్తి పడకండి. ఆ బటన్ లోపలి రెసిస్టర్ మీదుగా కరెంటు పంపి మెకానిజం కదులుతోందా లేదా అనే చూస్తుంది. ఎర్త్ వైరు అసలు లేకపోయినా బటన్ పనిచేస్తుంది.

ఆర్‌సీడీ టెస్టర్, అంటే ఆర్‌సీసీబీ ఎంతకి ఎంతసేపట్లో తెంచుతుందో కొలిచే మీటర్, కావాలి. 15 మిల్లీ ఆంపియర్ల దగ్గర ట్రిప్ అవకూడదు. 30 దగ్గర 300 మిల్లీ సెకన్లలోపు, 150 దగ్గర 40 మిల్లీ సెకన్లలోపు ట్రిప్ అవ్వాలి. రీడింగులు రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది పోల్చుకోవడానికి పనికొస్తాయి.

రకం కూడా చూడాలి. మన షాపుల్లో అడగ్గానే ఇచ్చేది ఎక్కువగా ఏసీ రకం. దాని మీద ఒక్క అల గుర్తే ఉంటుంది. కారు లోపల ఏసీని డీసీగా మార్చే పరికరం ఉంది కాబట్టి లీకేజీలో డీసీ కలవొచ్చు. ఆ డీసీ ఆర్‌సీసీబీ లోపలి కోర్‌ని మొద్దుబారుస్తుంది, తర్వాత నిజంగా లీకేజీ వచ్చినా అది పసిగట్టలేదు. ఛార్జర్‌లోనే 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఉంటే బయట టైప్-ఏ (A) రకం సరిపోతుంది. లేకపోతే టైప్-బీ (B) రకమే పెట్టాలి. ఛార్జర్ మాన్యువల్‌లో ఈ ఒక్క లైను వెతికి చదివాకే కొనండి.

పైలట్ సిగ్నల్

టైప్ 2 గన్‌లో (కారుకి పెట్టే ప్లగ్) పవర్ పిన్నులతో పాటు కంట్రోల్ పైలట్ అనే చిన్న పిన్ను ఉంటుంది. కారూ ఛార్జరూ దీని మీదే మాట్లాడుకుంటాయి. గన్ పెట్టనప్పుడు 12 వోల్టులు, పెట్టాక 9, కారు "సిద్ధం" అన్నాక 6. ఆరు వచ్చాకే లోపలి కాంటాక్టర్ (పవర్ కలిపే స్విచ్) టక్కుమని పడుతుంది. అప్పటిదాకా గన్‌లో పవర్ రాకూడదు.

ఎంత కరెంటు తీసుకోవచ్చో ఛార్జర్ సెకనుకి వెయ్యిసార్లు కొట్టే పల్సుల వెడల్పుతో చెబుతుంది. ఆ వెడల్పు శాతాన్ని డ్యూటీ అంటారు. అది 10 నుంచి 85 మధ్య ఉంటే 0.6తో గుణిస్తే ఆంపియర్లు. 26.7 శాతమైతే 16, 53.3 అయితే 32. మామూలు మల్టీమీటర్‌తో చూస్తే తికమక పడతారు. 16 ఆంపియర్ల సెట్టింగులో గన్ పెట్టి ఉంటే అది సగటు తీసి సుమారు మైనస్ 6.4 వోల్టులు చూపిస్తుంది. ఛార్జర్ పాడైందని టెన్షన్ పడకండి. డ్యూటీ శాతం చూపే మీటరో, చిన్న ఆసిల్లోస్కోపో వాడండి.

ఈవీ సిమ్యులేటర్ డబ్బా (ఛార్జర్ ముందు కారులా నటించే పరికరం) దొరికితే మంచిది. ఛార్జింగ్ నడుస్తుండగా దానిలో ఎర్త్ స్విచ్ ఆపండి. పైలట్ కరెంటు ఎర్త్ వైరు మీదుగానే తిరిగి వస్తుంది కాబట్టి, అది తెగగానే కాంటాక్టర్ వెంటనే విడిపోవాలి. అయితే ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఈ పరీక్ష పాసైతే ఛార్జర్ నుంచి కారు దాకా ఎర్త్ ఉందని తెలుస్తుంది, అంతే. ఛార్జర్ నుంచి గుంట దాకా ఉందో లేదో పైలట్‌కి తెలియదు. ఆకుపచ్చ టేపు చుట్టిన ఆ ఇంట్లో కూడా పైలట్ పరీక్ష చక్కగా పాసైంది.

ఈ వారం పని

ఒకటి: పైలట్ డ్యూటీ 41.7 శాతం చూపిస్తోంది. ఛార్జర్ ఎన్ని ఆంపియర్లు ఇస్తానంటోంది? ఆ ఇంటి కేబుల్ 20 ఆంపియర్లే తట్టుకుంటే మీరేం చేస్తారు?

రెండు: మీ సొంత ఇంట్లో మెయిన్ రెండు పోల్స్‌నీ తెంచుతుందో లేదో చూడండి. తెంచేదైతే ఆపి, న్యూట్రల్–ఎర్త్ రీడింగ్ రాసుకోండి.

ఐదో పాఠంలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పది కార్లకి ఒకే కేబుల్ నుంచి ఛార్జింగ్ ఇవ్వాల్సి వస్తే లోడు ఎలా పంచాలో చూద్దాం.