ఎయిర్‌సాఫ్ట్ గన్: ఉన్నదానికి పార్ట్స్ మార్చాలా, మంచిది కొనాలా?

నేను డాలస్‌లో ఉంటాను. మా అబ్బాయి వల్ల ఎయిర్‌సాఫ్ట్‌లోకి (ప్లాస్టిక్ గుండ్లు పేల్చే నమూనా తుపాకులతో ఆడే ఆటలోకి) వచ్చాను, ఇప్పుడు వాడికన్నా నాకే ఇష్టం ఎక్కువ. ఫీల్డ్‌కి కొత్తగా వచ్చే మన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, నా గన్ అప్‌గ్రేడ్ చేయించనా, అమ్మేసి మంచిది కొననా?"

నేను చెప్పేది ఇదే. గేర్‌బాక్స్ (గన్ లోపల గేర్లు, స్ప్రింగ్, పిస్టన్ ఉండే పెట్టె) విప్పకుండా అయ్యే పనులన్నీ ముందు చేసేయండి, అవి చవక. గేర్‌బాక్స్ విప్పి ఒకటికి మించి పార్ట్స్ మార్చాల్సి వస్తే మాత్రం ఆ డబ్బు కొత్త గన్ కోసం దాచుకోండి. ఇదంతా బ్యాటరీతో నడిచే ఎలక్ట్రిక్ గన్‌ల గురించి. గ్యాస్ గన్‌ల లెక్క వేరు.

దేనికైనా ముందు కళ్లు. మీ కళ్లజోడు మీద జెడ్87.1 (కళ్ల రక్షణకి అమెరికా ప్రమాణం) రేటింగ్ లేకపోతే మొదటి డాలరు అక్కడే పెట్టండి. ముఖమంతా కప్పే మాస్క్ అయితే పిల్లలకి ఇంకా మంచిది.

ఇప్పుడు గన్ సంగతి. మీకు నచ్చనిది ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "దూరం పోవట్లేదు", "గురి కుదరట్లేదు", "ట్రిగ్గర్ నొక్కాక ఆలస్యంగా పేలుతోంది", "చేతిలో బొమ్మలా ఉంది". చివరిదానికి ఏ పార్టూ పనిచేయదు. బాడీ లూజుగా ఊగుతున్నా, స్టాక్ (గన్ వెనక భాగం) మీ భుజానికి కుదరకపోయినా కొత్తది కొనడమే. మిగతా మూడింటికీ దారులున్నాయి.

"దూరం పోవట్లేదు" అన్న ప్రతివాళ్లూ ముందు స్ప్రింగ్ మార్చాలనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఇక్కడ చాలా ఔట్‌డోర్ ఫీల్డ్‌లలో రైఫిల్‌కి పరిమితి 0.20 గ్రాముల బీబీతో (ప్లాస్టిక్ గుండుతో) సెకనుకి 400 అడుగులు, అంటే సుమారు 1.5 జౌల్స్. ఇన్‌డోర్‌లో అయితే 350 దగ్గరే ఆపేస్తారు. మీ గన్ ఇప్పటికే ఆ దగ్గర్లో ఉండొచ్చు. స్ప్రింగ్ బిగించి పరిమితి దాటితే క్రోనో (వేగం కొలిచే పరికరం) దగ్గరే వెనక్కి పంపేస్తారు. దూరం తెచ్చిపెట్టేది హాప్‌అప్. బ్యారెల్ మొదట్లో ఉండే చిన్న రబ్బరు బీబీ పైభాగాన్ని తాకి దానికి వెనక్కి తిరిగే స్పిన్ ఇస్తుంది, ఆ స్పిన్ వల్ల బీబీ వెంటనే కిందికి వాలిపోకుండా గాలిలో నిలబడుతుంది. ఒకే వేగంతో కొట్టే రెండు గన్‌లలో ఒకటి దూరం వెళ్లి, రెండోది మధ్యలోనే నేలకి దిగుతుంటే చాలాసార్లు తేడా ఈ రబ్బరులోనే ఉంటుంది.

అందుకే వరుసగా ఇలా చేయండి. క్లీనింగ్ రాడ్‌కి మెత్తటి గుడ్డ చుట్టి బ్యారెల్ లోపల తుడవండి. గుడ్డ నల్లగా వచ్చినంతసేపూ మార్చి మార్చి తుడవాలి. రబ్బరుకి సిలికాన్ ఆయిల్ అంటితే బీబీ జారిపోయి స్పిన్ పట్టదు, కాబట్టి అక్కడ పొడిగా ఉంచండి. తర్వాత 0.20 బీబీలు పక్కన పెట్టి 0.25 గానీ 0.28 గానీ మంచి కంపెనీవి వేయండి. టెక్సస్ గాలికి 0.20 ఎటు పోతుందో చెప్పలేం. బరువు మార్చిన ప్రతిసారీ హాప్‌అప్ కూడా మళ్లీ సెట్ చేయాలి: బీబీ తిన్నగా చాలా దూరం వెళ్లి చివర్లో కాస్త పైకి లేచి దిగేదాకా కొద్దికొద్దిగా పెంచండి.

అయినా కుదరకపోతే రబ్బరు మార్చండి, పది పదిహేను డాలర్లు. మీది ఎం4 రకం రైఫిల్ అయితే పిన్ తీసి పైభాగాన్ని ముందుకి లాగితే బ్యారెల్, హాప్‌అప్ రెండూ చేతికొస్తాయి. గేర్‌బాక్స్ జోలికే వెళ్లక్కర్లేదు. 6.03 మిల్లీమీటర్ల టైట్ బ్యారెల్ (లోపలి రంధ్రం ఇంకాస్త సన్నగా ఉండేది) కోసం తొందరపడకండి. శుభ్రంగా, వంకర లేకుండా ఉన్న మామూలు బ్యారెల్ చాలామందికి సరిపోతుంది.

ట్రిగ్గర్ ఆలస్యమా? పాత నికెల్ బ్యాటరీ ఉంటే 7.4 వోల్టుల లిపోకి (లిథియం పాలిమర్ బ్యాటరీకి) మారండి, తేడా వెంటనే తెలుస్తుంది. 11.1కి వెళ్లాలంటే మాత్రం గన్‌లో మోస్‌ఫెట్ (ట్రిగ్గర్ కాంటాక్ట్‌ల బదులు కరెంటుని మోసే ఎలక్ట్రానిక్ స్విచ్) ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే ఆ కరెంటుకి ట్రిగ్గర్ కాంటాక్ట్‌లు మాడిపోతాయి.

ఇక్కడిదాకా వచ్చాక క్రోనో దగ్గర పది షాట్లు కొట్టి అంకెలు రాసుకోండి. 372, 375, 371 అని దగ్గరదగ్గరగా వస్తే లోపల గాలి లీకేజీ పెద్దగా లేదు, గన్ ఆరోగ్యంగా ఉంది. 340 ఒకసారి, 385 ఒకసారి వస్తుంటే గాలి ఎక్కడో కారుతోంది. నాజిల్, పిస్టన్ ఓ-రింగ్ (గాలి కారకుండా ఉండే రబ్బరు రింగు), సిలిండర్ హెడ్, వీటిలో ఏదైనా కావచ్చు. ఓ-రింగ్ ఒక్కటే అయితే బాగుచేయించండి.

అసలు నిర్ణయం దీని తర్వాతే. గేర్‌బాక్స్‌లో ఏ పార్టూ ఒంటరిగా ఉండదు. గట్టి స్ప్రింగ్ వేస్తే పిస్టన్ పళ్ల మీద భారం పడుతుంది, పిస్టన్ మారిస్తే గేర్ల షిమ్మింగ్ (సన్నటి వాషర్లతో గేర్ల మధ్య ఖాళీ సరిచేయడం) చూడాలి, మోటార్ చాలదు, మోటార్ మారిస్తే బ్యాటరీ చాలదు. ఎం4లలో వాడే వెర్షన్ 2 గేర్‌బాక్స్ గట్టి స్ప్రింగ్‌లకి ముందుభాగంలో పగులుతుందని ఆడేవాళ్లందరికీ తెలుసు. ఏకేల్లో (ఏకే-47 రకం గన్‌లలో) ఉండే వెర్షన్ 3 అక్కడ కాస్త దృఢం.

లెక్క వేసి చూడండి. గన్ 180 డాలర్లది అనుకుందాం. మోటార్ 50, మోస్‌ఫెట్ 60, పిస్టన్ సెట్ 30, టెక్నీషియన్ కూలీ ఇంకో 80. మొత్తం 220. కొన్న ధర దాటిపోయింది, అమ్మబోతే ఆ 220 ఎవరూ ఇవ్వరు. మార్పుల ఖర్చు గన్ ధరలో సగం దాటేలా ఉంటే ఆపేయండి. 400 డాలర్ల గన్‌లో ఈ పార్ట్స్ చాలావరకు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి, ఒకదానికొకటి సరిపోయేలా వస్తాయి, పైగా వారంటీ ఉంటుంది.

ఒక్క సందర్భంలో ఈ లెక్క పక్కన పెడతాను. మీకో మీ పిల్లలకో విప్పి బిగించడమే ఇష్టమైతే పాత గన్ మీద నేర్చుకోండి. మా అబ్బాయి గేర్ రేషియో అంటే ఏమిటో డైనింగ్ టేబుల్ మీదే నేర్చుకున్నాడు. దానికి పెట్టిన ఖర్చుని నేను గన్ ఖాతాలో రాయను.

కొనేటప్పుడు విప్పకుండానే స్ప్రింగ్ మార్చుకునే సౌకర్యం ఉందేమో చూడండి, ఇన్‌డోర్‌కీ ఔట్‌డోర్‌కీ ఒకే గన్ సరిపోతుంది. మోస్‌ఫెట్ లోపలే ఉండాలి. మీ లిపో స్టాక్‌లో పడుతుందో లేదో షాపులోనే పెట్టి చూడండి. ఎం4 నుంచి ఏకేకి మారితే ఉన్న మ్యాగజైన్లన్నీ వృథా, ఆ ఖర్చు కూడా కలుపుకోండి. ఎవరు ఆడతారో వాళ్లే భుజానికి ఎత్తి పట్టుకుని చూడాలి. పన్నెండేళ్ల పిల్లాడికి నాన్న కొలత పనికిరాదు.

పాతది అమ్మాలనుకుంటే ఆరెంజ్ టిప్ (బ్యారెల్ చివర ఉండే నారింజ రంగు ముక్క) తీయకండి, బ్యాటరీ విడిగా ఇవ్వండి, మార్చిన పార్ట్స్ ఏమిటో కొనేవాళ్లకి రాసివ్వండి. ఊళ్లో తమ్ముడికి ఇద్దామని సూట్‌కేసులో పెట్టే ఆలోచన మాత్రం వద్దు, అచ్చం తుపాకీలా కనిపించే వస్తువుతో ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడతారు. ధర మరీ తక్కువ పలికితే అమ్మకుండా ఉంచుకోండి. కొత్త గన్ మధ్యలో మొరాయించిన రోజు ఆట ఆగదు, మీతో మొదటిసారి ఫీల్డ్‌కి వచ్చిన స్నేహితుడు అద్దె కట్టక్కర్లేదు.