పాత కారుకి డిస్క్ బ్రేకులు పెట్టిస్తున్నారా, వానలు పడకముందే ఇవి చూస్కోండి

వైజాగ్‌లో పద్మినీలు, అంబాసిడర్లు ఇంకా ప్రాణంగా చూసుకునేవాళ్లు ఉన్నారు కదండి, వాళ్లలో ఎవరైనా ముందు చక్రాలకి డిస్కులు వేయిద్దాం అనుకుంటే మే నెలలోపే ఆ పని కానిచ్చేయండి. జూన్ వచ్చాక కారు విప్పి షెడ్డులో పెట్టుకుని, పార్టుల కోసం తిరిగి తిరిగి, హడావిడిగా బిగించేసి తడిరోడ్డు మీద మొదటి ట్రయల్ వెయ్యడం మాత్రం వద్దు. డిస్కులు మంచివే, చక్రంతో తిరిగే పళ్లాన్ని ప్యాడ్లు రెండువైపులా పట్టి ఆపుతాయి. పాత బళ్లకుండే డ్రమ్ము బ్రేకులో షూలు చక్రంతో తిరిగే డబ్బాని లోపల్నించి నొక్కి ఆపుతాయి, ఆ డ్రమ్ములో నీళ్లు చేరితే లైనర్లు (షూల మీద రాసుకునే పొర) ఆరేదాకా బ్రేక్ సరిగా పడదు, సింహాచలం ఘాట్ దిగేటప్పుడు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది, డిస్క్ అయితే గాలికి త్వరగా చల్లారుతుంది. కానీ టైర్లు అరిగిపోయుంటే ఏ బ్రేకూ కాపాడదు, డబ్బులు ఒకదానికే సరిపోతాయంటే ముందు టైర్లు మార్చండి.

అందరూ కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కేది) గురించే అడుగుతారు, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) సంగతి వదిలేస్తారు, ఇక్కడే అసలు ప్రమాదం. డ్రమ్ములో ముందు షూని తిరిగే డ్రమ్మే లాక్కుని పట్టు పెంచుతుంది, డిస్కుకి ఆ సాయం ఉండదు కాబట్టి లైన్‌లో ప్రెషర్ బాగా ఎక్కువ కావాలి, అందుకే చాలా బళ్లకి బూస్టర్ (వాక్యూమ్ సాయంతో కాలి బలాన్ని పెంచేది) వెయ్యాల్సొస్తుంది. కాలిపర్ పిస్టన్ పెద్దది, ఆయిల్ ఎక్కువ తీసుకుంటుంది, మాస్టర్ సిలిండర్ బోర్ (లోపలి వెడల్పు) చిన్నదైతే పెడల్ లోపలికి పోతుంది, మరీ పెద్దదైతే ఎంత తొక్కినా పడదు. ఇంకోటి, డ్రమ్ముల మాస్టర్ సిలిండర్లలో చాలావాటికి లైన్‌లో కాస్త ప్రెషర్, సుమారు 10 పీఎస్ఐ, నిలబెట్టే వాల్వ్ ఉంటుంది, అది తియ్యకుండా డిస్కు కలిపితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి, చివరికి ఆయిల్ మరిగిపోతుంది. చక్రం జాకీ మీద లేపి, పెడల్ తొక్కి వదిలి, చేత్తో తిప్పి చూడండి, తేలిగ్గా తిరగాలి. మార్చేటప్పుడే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ వేయించుకుంటే ఒక లైన్ లీకైనా రెండోది పనిచేస్తుంది, నన్నడిగితే దీనికి మాత్రం ఖర్చు చూడొద్దు.

డీజిల్ అంబాసిడర్ వాళ్లు జాగ్రత్త, డీజిల్ ఇంజిన్‌లో పెట్రోల్ ఇంజిన్‌లోలాగా వాక్యూమ్ రాదు, బూస్టర్‌కి వేరే వాక్యూమ్ పంప్ ఉండాలి. బూస్టర్ వేశాక వెనక డ్రమ్ములకి కూడా ప్రెషర్ పెరుగుతుంది, అప్పుడు తడిసిన బీచ్ రోడ్డు మీద గట్టిగా తొక్కితే వెనక చక్రాలు లాకై బండి తోక తిరిగిపోతుంది, వెనకవైపు ప్రెషర్ తగ్గించే వాల్వ్ అడిగి మరీ పెట్టించండి.

స్క్రాప్‌లో మారుతి 800 కాలిపర్ తెచ్చి బ్రాకెట్ చేయించేవాళ్లు స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు) మీద వెల్డింగ్ అస్సలు ఒప్పుకోకండి, బోల్టులు హైటెన్సైల్‌వే (ఎక్కువ బలం ఓర్చేవి) వాడాలి. కాలిపర్ రిమ్‌కి తగులుతుందేమో ముందే పెట్టి చూస్కోండి, స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పినప్పుడు కాలిపర్‌కి వెళ్లే రబ్బరు హోస్ లాగబడకూడదు. ఆయిల్‌లో చిక్కిన ఎయిర్ తీసే నిపుల్ పైవైపే ఉండాలి, కుడి ఎడమ కాలిపర్లు తారుమారైతే నిపుల్ కిందకొస్తుంది, ఇక ఎంతసేపు ఎయిర్ తీసినా పెడల్ మెత్తగానే ఉంటుంది.

మన సముద్రపు గాలికి పాత ఇనప బ్రేక్ పైపులు పెయింట్ కిందే తుప్పు తినేసి ఉండొచ్చు, పైకి పెయింట్ బావుందని వదిలెయ్యొద్దు, అన్నీ మార్చండి. ఏసీ షాపులో దొరికే రాగి పైపు మాత్రం వద్దు, అదురుకి పగులుతుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం డాట్ 4 రకానిది, సీల్ తియ్యని డబ్బాదే పొయ్యండి, కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలదాకా మరగదు, తేమ పట్టాక 155 దగ్గరే మరిగిపోవచ్చు, మన ఊరి ఉక్కకి తెరిచిన డబ్బా దాచుకోవడం దండగ. పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, మెకానిక్ కంప్రెసర్ గాలి కొడుతుంటే ఆపండి, తడిపి తుడవమనండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వద్దు.

ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్లకి పని మొదలుపెట్టకముందే చెప్పండి, వీలైతే రాతపూర్వకంగా.

అయ్యాక ఖాళీ మైదానంలో నెమ్మదిగా మొదలెట్టి, ప్యాడ్లు సర్దుకునేదాకా గ్యాప్ ఇస్తూ బ్రేకులు వేసి, బోల్టులూ లీకులూ మళ్లీ చూసి, అప్పుడు కైలాసగిరి ఎక్కండి. దిగేటప్పుడు పెట్రోల్ మిగులుతుందని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో వచ్చే అలవాటుంటే మానెయ్యండి, ఇంజిన్ ఆగితే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడుసార్లు తొక్కేసరికి అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, గేర్‌లోనే దిగండి.