ఆబ్సింత్: చట్టం ఏమంటోంది, సీసా ఎలా ఎంచుకోవాలి, గ్లాసులో ఎలా కలపాలి

ఆబ్సింత్ అనే ఘాటైన మూలికల మద్యం తాగితే లేనివి కనిపిస్తాయని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అది నిజం కాదు. ఆ అపవాదు రావడానికి కారణం వార్మ్‌వుడ్ అనే చేదు మొక్కలో ఉండే థూజోన్. మనం దండల్లో కట్టే దవనం కూడా ఆ మొక్క కుటుంబంలోదే. పెద్ద మోతాదులో థూజోన్ మూర్ఛలు తెప్పిస్తుంది గానీ, సీసాలో అంత ఉండదు. నిషేధానికి ముందునాటి 13 సీసాలను పరీక్షించి 2008లో ప్రచురించిన ఫలితాల్లో సగటున లీటరుకు 25 మిల్లీగ్రాములే తేలింది. థూజోన్ పని మొదలుపెట్టేలోపే ఆల్కహాల్ మనిషిని పడేస్తుంది.

నిషేధం వెనుక ఒక హత్య ఉంది. 1905లో స్విట్జర్లాండ్‌లో జాన్ లాన్‌ఫ్రే అనే కూలీ భార్యనూ ఇద్దరు పిల్లలనూ కాల్చి చంపాడు. ఆ రోజు అతను లీటర్ల కొద్దీ వైన్, పైన బ్రాందీ తాగాడు. ఆబ్సింత్ రెండు గ్లాసులే. నింద మాత్రం దానిమీదే పడింది. 1908 రిఫరెండం తర్వాత 1910 నుంచి అక్కడ, 1912లో అమెరికాలో, 1915లో ఫ్రాన్స్‌లో నిషేధించారు. స్విట్జర్లాండ్ 2005లో, అమెరికా 2007లో తలుపులు తెరిచాయి. ఫ్రాన్స్ పాత చట్టాన్ని 2011లో రద్దు చేసింది. బ్రిటన్ అసలు నిషేధించనే లేదు.

ఇప్పటి నిబంధనల్లో తేడా ఉంది, కొనేముందు చూసుకోవాల్సింది అదే. యూరప్‌లో కిలోకు 35 మిల్లీగ్రాముల థూజోన్ దాకా ఒప్పుకుంటారు. అమెరికాలో 10 లోపే ఉండాలి. అందుకే పారిస్‌లో చట్టబద్ధంగా కొన్న సీసాను డల్లాస్‌కు తీసుకెళితే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. ఆల్కహాల్ 70 శాతం దాటిన మద్యాన్ని విమానంలో చేతి సంచిలోనూ, చెక్-ఇన్ పెట్టెలోనూ కూడా ఒప్పుకోరు. 72 శాతం సీసాలు ఉంటాయి కాబట్టి లేబుల్ మీద ఆ అంకె చూడండి. ఇండియాకు తెచ్చేవాళ్లకు సుంకం లేని పరిమితి మొత్తం మద్యం కలిపి 2 లీటర్లు.

మంచి సరుకులో వార్మ్‌వుడ్, ఆకుపచ్చ సోంపు, పెద్ద జీలకర్ర మూడూ ఉంటాయి. వాటిని ఆల్కహాల్‌లో నానబెట్టి బట్టీ పడతారు. ఫ్రెంచ్ లేబుల్ మీద ‘దిస్తిలే’ అన్న మాట కోసం చూడండి. అసలు ఆకుపచ్చ రంగు ఆకుల క్లోరోఫిల్‌దే, వెలుతురు తగిలితే మాసిపోతుంది. తెల్ల గాజు సీసాలో నియాన్‌లా మెరిసే పచ్చ కనిపిస్తే రంగు కలిపారనుకోండి, వదిలేయండి.

ఇక కలపడం. దీని ఆకర్షణంతా ఇక్కడే ఉంది, తొందరపడకూడదు. గ్లాసులో 30 మి.లీ. పోయండి. 68 శాతం అయితే ఇది విస్కీ చిన్న పెగ్గు ఒకటిన్నరకు పైనే. గ్లాసు మీద చిల్లుల చెంచా పెట్టండి, లేకపోతే ఫోర్కు చాలు. దానిమీద ఒక చక్కెర బిళ్ల ఉంచండి. ఐసు గ్లాసులో వేయకండి, నీళ్ల జగ్గులో వేయండి. ముందు నాలుగైదు చుక్కలతో చక్కెర తడిపి నిమిషం ఆగండి. తర్వాత చుక్క చుక్కగా వదలండి. నీరు తగిలిన చోట నూనెలా తీగలు సాగుతాయి. కింద తెల్లబడుతుంది, పైన సన్నని పచ్చ పట్టీ మిగులుతుంది. ఆ పట్టీ కూడా పోయి అంతా తెల్లబడ్డాక రుచి చూసి కావాలంటే ఇంకాస్త నీరు పోసుకోండి. ఒకవంతుకు మూడు నుంచి ఐదు వంతుల నీరు సరిపోతుంది. రంగులేని రకాలకు చక్కెర లేకపోయినా బాగుంటుంది.

తెల్లబడటానికి కారణం సోంపులోని అనెథోల్. అది ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఎన్ని నీళ్లు పోసినా తేటగానే ఉంటే అందులో సోంపు దాదాపు లేనట్టే. నీళ్లు చల్లగా లేకపోతే ఆ తెలుపు పలుచబడుతుంది. ధారగా పోసేస్తే మూలికల వాసనలు ఒక్కొక్కటిగా విచ్చుకోవు, ఇది నా మటుకు పెద్ద నష్టం.

చక్కెరకు నిప్పంటించే ఆట 1990లలో చెక్ బార్లలో పుట్టింది. చక్కెర మాడి రుచంతా పాడవుతుంది, ఒలికితే చేయి కాలుతుంది. ఇంట్లో వోడ్కాలో వార్మ్‌వుడ్ నానబెడితే ఆబ్సింత్ కాదు. బట్టీలో వెనకే ఉండిపోవాల్సిన చేదంతా అందులోకే దిగుతుంది. వార్మ్‌వుడ్ నూనె జోలికి అసలు వెళ్లకండి. అది తాగి అమెరికాలో ఒకతని కిడ్నీలు దెబ్బతిన్న ఉదంతం 1997లో వైద్య పత్రికకెక్కింది.

సీసాను చీకటి అల్మరాలో నిలబెట్టి ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే అనెథోల్ తెల్లటి పలుకులుగా పేరుకుంటుంది. అలా అయితే పారబోయకండి, గది వేడికి తెచ్చి మెల్లగా కదిపితే మళ్లీ కరిగిపోతుంది.