మన వీధి చైనీస్ హోటల్లో భోజనం – నాలుగవ పాఠం: మెనూకు విగ్రహవాక్యం చెప్పడం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసంతో మొదలుపెడదాం. మంచౌ సూప్‌కూ హాట్ అండ్ సోర్ సూప్‌కూ ఉన్న తేడాను రుచి చూసి చెప్పమని అడిగాను. రెండూ ముదురు గోధుమ రంగులోనే వస్తాయి కాబట్టి రంగును నమ్ముకుంటే లాభం లేదు. వెనిగర్ పులుపు ముందు తగిలి, ఆ వెనుక మిరియాల ఘాటు గొంతులో నిలిస్తే అది హాట్ అండ్ సోర్. అల్లం, వెల్లుల్లి, సోయా వాసన ముందుకు వస్తే మంచౌ. మంచౌ మీద వేయించిన నూడుల్స్ చల్లి ఇస్తారు కనుక, వాటిని చూసి జవాబు చెప్పినవారికి సగం మార్కులే.

ఇక మెనూ. హన్మకొండలో సుబేదారి వైపు వెళ్లినా, నయీంనగర్ వైపు వెళ్లినా, చైనీస్ వండే ఏ హోటల్లోనైనా మన చేతికి వచ్చే కార్డులో పేర్లు వందకు తక్కువ ఉండవు. వాటిని మొదటి నుంచి చివరి దాకా చదివి, చివరకు ఎప్పుడూ తినే ఫ్రైడ్ రైసే చెప్పి కార్డు మూసేయడం చాలామందికి అలవాటు. అయితే వంటింట్లో ఉన్నవి వంద వంటలు కావు, ఐదారు సాసులు మాత్రమే. బడిలో సమాసాన్ని విడదీసి విగ్రహవాక్యం చెప్పినట్టు, ప్రతి పేరునూ మూడు ముక్కలు చేసి చూడండి: వండే దినుసు ఏది, కలిపే సాస్ ఏది, డ్రైనా గ్రేవీనా. "పనీర్ చిల్లీ డ్రై" అంటే చిల్లీ సాసులో కలిపి, పులుసు లేకుండా దించిన పనీర్. ఇంతకు మించి ఆ పేరులో రహస్యం లేదు.

ఈ సంగతి తెలియని రోజుల్లో నేను చేసిన పొరపాటు చెబుతాను. పెళ్లి బట్టలు కొనడానికి వచ్చిన చుట్టాలను హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక హోటల్‌కు తీసుకెళ్లి, వెజ్ మంచూరియా గ్రేవీ, గోబీ మంచూరియా గ్రేవీ, మష్రూమ్ మంచూరియా గ్రేవీ చెప్పాను. మూడు పేర్లు కదా, మూడు రుచులు వస్తాయనుకున్నాను. మూడు గిన్నెల్లో ఒకే పులుసు వచ్చింది. తప్పు హోటల్‌ది కాదు, మొదటి ముక్కను మార్చి రెండో ముక్కను మార్చని నాది. సూత్రం ఇది: ఒక బల్ల మీదికి ఒకే సాస్ రెండుసార్లు రాకూడదు.

కాబట్టి సాసులను గుర్తుపట్టాలి. మంచూరియాతో మొదలుపెడదాం, ఎందుకంటే మన ఊళ్లలో చైనీస్ అంటే ముందు అదే. చైనా ఈశాన్యంలో మంచూరియా అనే ప్రాంతం ఉన్నా, ఈ వంట అక్కడిది కాదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దీన్ని మొదట చేశాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో మన కూరలాగే మొదలుపెట్టి, గరం మసాలా వేయవలసిన చోట సోయా సాస్ వేసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరచడమే దీని కిటుకు. తాలింపు మనదే కనుక మన నాలుకకు ఇంత తొందరగా అలవాటైంది.

చిల్లీ సాసుకు గుర్తు చదరంగా కోసిన ఉల్లిగడ్డ, క్యాప్సికమ్, నిలువునా చీల్చిన పచ్చిమిర్చి. ఇందులో కారం పులుసులో కంటే ముక్కల్లోనే ఎక్కువ. స్వీట్ అండ్ సోర్‌లో చక్కెర, వెనిగర్, టమాటా సాస్ ఉంటాయి, పిల్లలకు అది చాలు. హాట్ గార్లిక్‌లో వెల్లుల్లిదే పెత్తనం. సాల్ట్ అండ్ పెప్పర్ ఎప్పుడూ డ్రైగానే ఉంటుంది.

షెజ్వాన్ దగ్గర కొంచెం ఆగాలి. ఈ పేరు చైనాలోని సిచువాన్ రాష్ట్రం నుంచి వచ్చింది. అక్కడి వంటకు ప్రాణం ఒక రకం మిరియం. అది మన నల్ల మిరియాల జాతి కాదు, నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు కాయ, నమిలితే నాలుక జివ్వుమని తిమ్మిరెక్కుతుంది. మన హోటళ్ల షెజ్వాన్‌లో సాధారణంగా అది ఉండదు. నానబెట్టిన ఎండుమిర్చినీ వెల్లుల్లినీ నూరి నూనెలో వేయించిన ముద్ద ఉంటుంది. ఎరుపు చూసి కారమని హడలిపోవడం కూడా సరికాదు. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న వరంగల్‌వాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు: 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి టమాటాలా గుండ్రంగా, రక్తంలా ఎర్రగా ఉండి కూడా కారం తక్కువ. ఎరుపు వేరు, కారం వేరు. అయితే ఆ ఎరుపు మిర్చిది కాక డబ్బాలోని రంగుదైతే అది వేరే సమస్య. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం నిషేధించిన సంగతి మీరు వినే ఉంటారు. "రంగు వేయకుండా చేయండి" అని ముందే చెప్పడంలో మొహమాటం అక్కరలేదు.

అదే పేజీలో చికెన్ 65, చికెన్ మెజెస్టిక్, అపోలో ఫిష్ కూడా కనిపిస్తాయి. కరివేపాకు పడిన ఈ వంటలు చైనీస్ కావు. 65 మద్రాసులో పుట్టింది, మిగతా రెండూ హైదరాబాద్ హోటళ్లలో పేరు తెచ్చుకున్నవి. తినండి, కానీ ఈ పాఠం లెక్కలోకి తీసుకోకండి.

మూడో ముక్క డ్రై, గ్రేవీ. అద్దం వెనుక వంటిల్లు కనబడే హోటల్ దొరికితే అక్కడే కూర్చోండి. వంట మాస్టర్, బర్నర్ హోరులో కడాయిని ఎడమ చేత్తో ఎగరేస్తూ, చల్లటి నీళ్లలో కలిపి పెట్టుకున్న కార్న్‌ఫ్లోర్‌ను కుడిచేతి గరిటెతో మరిగే సాసులో వదులుతాడు. పాలలా తెల్లగా పడిన ఆ నీళ్లు రెండు మూడు క్షణాల్లో అద్దంలా నిగనిగలాడతాయి. పిండి రేణువులు వేడికి నీళ్లు పీల్చుకుని ఉబ్బడమే దీనికి కారణం. ఆ నిగనిగ ఉండగానే గ్రేవీ తినాలి, చల్లారితే జిగురుగా ముద్దకడుతుంది. డ్రైకి ఆ మాత్రం ఓపిక కూడా లేదు. వేయించిన ఉండల కరకర సాస్ తడిలో ఐదు నిమిషాలు నిలవడమే గొప్ప. అందుకే డ్రై ముందు రావాలి, వచ్చిన వెంటనే తినాలి, పార్సిల్ చేయించకూడదు. గ్రేవీ అన్నంతో పాటే రావాలి.

అన్నీ ఒకేసారి చెబితే ఈ వరుస తప్పుతుంది, కాబట్టి వరుస కూడా మీరే చెప్పాలి. మొన్న నా ముందు బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన ఈ పని ఎంత తేలికగా చేశాడో చూడండి:

"తమ్మీ, గోబీ మంచూరియా డ్రై ఒకటి ముందుగాల తీసుకరా. అది తిన్నంకనే రైస్ పెట్టమని మాస్టర్‌కు చెప్పు."

"గ్రేవీ ఏమన్న చెప్పాల్నా సార్? రైస్‌లకు బాగుంటది."

"పనీర్ హాట్ గార్లిక్ గ్రేవీ ఒకటి. రైస్ మాత్రం ఉత్త వెజ్ ఫ్రైడ్ రైస్, షెజ్వాన్ వద్దు. ఉప్పు జర తక్కువ."

మూడు వంటలు, మూడు రుచులు. గ్రేవీలో ఘాటు ఉంది గనుక అన్నం సాదా. ఉప్పు తక్కువ అన్నది కూడా సరైన మాటే, సోయా సాసులోనే ఉప్పు దండిగా ఉంటుంది. ఆజినోమోటో వద్దనుకునేవారు ఆ మాట కూడా ఇప్పుడే చెప్పాలి. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెదా సముద్రపు నాచు నుంచి వేరుచేసిన రుచి అది. దాని మూలపదార్థం పండిన టమాటాలో సహజంగానే ఉంటుంది కనుక నాకు దానిమీద పెద్ద పగ లేదు.

ఫ్రైడ్ రైస్ గురించి ఒక్క మాట. వండి చల్లార్చిన అన్నమైతేనే మెతుకు బిగిసి విడివిడిగా వేగుతుంది. రద్దీ వేళ నాలుగు ప్లేట్లు ఒకే కడాయిలో పోస్తే, వేడి చాలక అన్నం వేగడానికి బదులు ఆవిరికి మెత్తబడుతుంది. నలుగురు కూర్చుంటే రెండు ప్లేట్లు రైస్, ఒకటి నూడుల్స్ చెప్పండి. దేని కడాయి దానికి పడుతుంది.

అభ్యాసం: కారం తినని నాయనమ్మ, ఏడేళ్ల మనవడు, కారం లేనిదే ముద్ద దిగని కొడుకు, కోడలు ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. కార్డులో బేబీకార్న్ సాల్ట్ అండ్ పెప్పర్, వెజ్ మంచూరియా (డ్రై, గ్రేవీ), పనీర్ చిల్లీ (డ్రై, గ్రేవీ), స్వీట్ అండ్ సోర్ వెజిటబుల్స్, షెజ్వాన్ ఫ్రైడ్ రైస్, వెజ్ ఫ్రైడ్ రైస్, హక్కా నూడుల్స్ ఉన్నాయి. ఐదు వంటలకు మించకుండా, ఏ సాసూ రెండోసారి రాకుండా ఆర్డరు రాయండి. ఏది ముందు, ఏది తరువాత అన్నది పక్కన అంకెలతో గుర్తు పెట్టండి. జవాబు ఐదవ పాఠం మొదట్లో.